గల్లీ కావాలా, మనిషి కావాలా?

దిల్‌సుఖ్‌నగర్ పెద్దరోడ్డు వదిలి సరూర్‌నగర్ వైపు లోపలికి నడిస్తే వచ్చే ఇరవై అడుగుల గల్లీలలో ఒకదానిలో మా ఇల్లు ఉండేది. 'ఉండేది' అని వ్రాయడానికి ఇప్పటికీ చెయ్యి మొరాయిస్తుంది. 1987లో మా నాన్నగారు సూర్యాపేట వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి, ఉన్నదంతా ఊడ్చిపెట్టి కట్టుకున్న ఇల్లు అది. ముందు ముప్ఫై అడుగుల వెడల్పు, మధ్యలో ఇనుప గేటు, గేటు మీద నాన్నగారు స్వయంగా కుంచె పట్టి తెల్లరంగుతో వేసిన ఇంటి నంబరు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కిందటేడు ఆ స్థలం బిల్డరుకు ఇవ్వక తప్పలేదు. చుట్టూ ఐదంతస్తులు లేచాక మధ్యలో ఒక్క డాబా ఇల్లు నిలవడం కష్టమని ఆ గల్లీలలో ఉన్నవారెవరికైనా తెలుసు.

కూల్చే ముందు అమ్మ ఒక్కటే అడిగింది. "ఇల్లు పొయ్యేదంత ఫోటోలు దియ్యి బిడ్డా. ఎన్కటెన్కట జూసుకుంట" అంది. ఫోను పట్టుకొని రోజంతా గల్లీలో నిలబడడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని బల్ల సొరుగులో ఎప్పటినుంచో పడివున్న చవక యాక్షన్ కెమెరాను బయటకు తీశాను. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. నిమిషానికొక బొమ్మ చొప్పున తనంత తానే తీసుకుంటూ పోతుంది. ఎదురింటివారి వరండా స్తంభానికి దాన్ని కట్టి, ఛార్జరు తగిలించి వదిలేస్తే సరిపోతుందని నా ఆలోచన. ఆ స్తంభం నుంచి మా గేటుకు దూరం కొలిస్తే ఏడు మీటర్లు వచ్చింది.

పరీక్షగా తీసిన మొదటి బొమ్మను అమ్మకు చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసింది. "ఇదేంది బిడ్డా, ఇల్లు బోనం కుండ లెక్క గుండ్రంగ వచ్చింది? నేనేడున్న?" అంది. నిజమే. గోడలు విల్లులా వంగాయి, ఆకాశం సగం, గల్లీ సగం. గేటు దగ్గర నిలబడిన అమ్మ చీమంత ఉంది. గేటు మీది నంబరు తెల్లటి మరకలా ఉంది.

మర్నాడు చైతన్యపురి దారిలో సీసీ కెమెరాలు అమ్మే ఒక చిన్న కొట్టుకు వెళ్ళాను. నా కెమెరా మూత తీసి చూపిస్తే, అక్కడి కుర్రవాడు ఒక్క చూపు చూసి "ఇది మా డోమ్ కెమెరాల పడే లెన్సే సార్, అదే మర" అని, సొరుగులోంచి గోలీలంత కటకాలను గుప్పెడు తీసి గాజుబల్ల మీద పోశాడు. పోసి, ఒక ప్రశ్న వేశాడు.

"మీకు గల్లీ కావాల్నా సార్, మనిషి కావాల్నా?"

ఆ కుర్రవాడికి తెలియదు గాని, ఛాయాచిత్రాల చరిత్ర అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దాని వెంట నడుచుకుంటూ వెనక్కి పోయిన కథే ఇది.

* * *

1839లో పారిస్‌లో డగేర్ తన పద్ధతిని లోకానికి వెల్లడించినప్పుడు ఆ కెమెరాకు ఛెవాలియే అనే కళ్ళద్దాల నిపుణుడు చేసిన కటకం ఉండేది. అది వీధులను, భవనాలను చక్కగా చూపేది. అయితే దాని ద్వారం బహు చిన్నది, వెలుతురు తక్కువగా చొరబడేది. ఎండలో సైతం నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. భవనాలు కదలవు గనుక వాటికి ఇబ్బంది లేదు. మనుషులు కదులుతారు. అంటే పుట్టిన రోజున కెమెరాకు గల్లీ మాత్రమే తెలుసు, మనిషి తెలియడు.

మరుసటి సంవత్సరమే, 1840లో, వియన్నా విశ్వవిద్యాలయంలో గణితం బోధించే జోసెఫ్ పెట్జ్‌వాల్ మనిషి కోసం ఒక కటకాన్ని రూపొందించాడు. గాజును అరగదీసి, చూసి, మళ్ళీ అరగదీసే పాత పద్ధతిని పక్కనబెట్టి ముందు లెక్క కట్టాడు. ఆ లెక్కలకు ఆస్ట్రియా సైన్యపు ఫిరంగిదళంలోని గణకులను సాయం తీసుకున్నాడని చెబుతారు. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కించేవారు వెలుగు కిరణం ఎక్కడ పడుతుందో లెక్కించారన్నమాట. అంతకుముందున్న కటకంతో పోలిస్తే అది సుమారు పదహారు రెట్లు ఎక్కువ వెలుతురును లోనికి తీసుకుంది. నిమిషాలు క్షణాలలోకి దిగాయి. మనిషి ముఖం నిలిచింది. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఆ కటకపు చూపు ఇరుకు, మధ్యలో స్పష్టత, అంచులలో మసక. ముఖం కావాలంటే గల్లీని వదులుకోవలసిందే.

వ్యాపార పరంగా పెట్జ్‌వాల్‌కు పెద్దగా దక్కిందేమీ లేదు. దాన్ని తయారుచేసిన ఫాయ్‌క్ట్‌లాండర్ సంస్థతో ఆయనకు తగవు వచ్చింది. ఆ నమూనాను మాత్రం దేశదేశాలలోని కటకాల తయారీదారులు దశాబ్దాల పాటు అనుసరించారు.

కనుక పందొమ్మిదో శతాబ్దపు ఛాయాగ్రాహకుడికి ఒక కటకంతో బతుకు గడవదు. ఆనాటి చెక్క కెమెరాకు ముందువైపు ఊడదీసి మార్చుకోగలిగే పలక ఒకటి ఉండేది. ఒక్కొక్క పలకకు ఒక్కొక్క కటకం బిగించి ఉంచుకునేవారు. కోట ముందు నిలబడితే ఒకటి, జమీందారుగారు కుర్చీలో కూర్చుంటే మరొకటి. కటకం మార్చడమనేది నిన్నమొన్నటి ఔత్సాహికుల చిలిపి పని కాదు. ఆ వృత్తి పుట్టినప్పటి నుంచి ఉన్న విద్య.

ఈ రెండు చూపులనూ ఒకే మనిషిలో చూడాలంటే మనం హైదరాబాదు దాటి పోనక్కరలేదు. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వ నిర్మాణ శాఖలో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో చేరి, 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. కట్టడాలను, సైనిక విన్యాసాలను, వేట శిబిరాలను ఎంత విశాలంగా చూశాడో, కుర్చీలో కూర్చున్న మనిషిని అంత దగ్గరగా చూశాడు. 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను శ్రీమతి కెనీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. నిజాం ఇచ్చిన 'ముసవ్విర్ జంగ్' అనే బిరుదుతో ఆయన 1905లో కన్నుమూశాడు.

ఆ జనానా స్టూడియో సంగతి తలచుకున్నప్పుడల్లా నాకొకటి తోస్తుంది. నగరంలోని ప్రతి భవనాన్నీ బయటనుంచి చిత్రించవచ్చు, లోపల ఉన్న మనుషులు మాత్రం ఆ చిత్రాలలో ఉండరు. వారి ముఖాల కోసం వేరే గది, వేరే మనిషి, వేరే ఏర్పాటు కావలసివచ్చింది. విశాలంగా చూసినంత మాత్రాన అందరినీ చూసినట్టు కాదు.

* * *

ఇక మర సంగతి. ఒక కెమెరా కటకం మరొక కెమెరాకు పట్టాలంటే రెండింటి మరలూ కలవాలి. అంతేకాదు, కటకం కూర్చునే అంచుకూ వెనుక ఫిల్ముకూ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే ఉండాలి. చెక్క కెమెరాకు ఈ బాధ లేదు, తోలుతిత్తిని ముందుకు వెనక్కి జరిపి సర్దుకునేవారు. చిన్న కెమెరాలు వచ్చాక చిక్కు వచ్చింది.

ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా 1925లో లైప్జిగ్ సంతలో బయటికి వచ్చినప్పుడు దాని కటకం ఊడేది కాదు. 1930లో ఊడే కటకం వచ్చింది. ఐతే ఏ కెమెరాకు చేసిన కటకం ఆ కెమెరాకే, పక్కవాడి కెమెరాకు పనికిరాదు. 1931లో 39 మి.మీ. మరను, 28.8 మి.మీ. దూరాన్ని స్థిరపరచాక గాని ఎవరి కటకమైనా ఎవరి కెమెరాకైనా పట్టే రోజు రాలేదు. ఆ తరువాత ఇతర దేశాలలోని తయారీదారులు కూడా ఆ మరనే వాడుకున్నారు. ఒక కొలతను స్థిరపరచడమంటే తలుపు తెరవడమే.

మా చైతన్యపురి కుర్రవాడి గోలీలకు పూర్వీకులు వేరే వంశం వారు. అమెరికాలో బెల్ అండ్ హోవెల్ సంస్థ 1920లలో తన 16 మి.మీ. సినిమా కెమెరాల కోసం ఒక మరను వాడుకలోకి తెచ్చింది. ఒక అంగుళం వ్యాసం, అంగుళానికి 32 చుట్లు, అంచు నుంచి ఫిల్ముకు 17.526 మి.మీ. దానికి సీ-మౌంట్ అని పేరు. ఇళ్ళలో పిల్లల పుట్టినరోజులు చిత్రించుకోవడానికి పుట్టిన ఆ మర, 1950లో ఆర్‌సీఏ సంస్థ విడికాన్ అనే గాజుగొట్టాన్ని విడుదల చేశాక కాపలా కెమెరాల పాలయింది. అంగుళం లావున్న ఆ గొట్టం ముఖాన పడే బొమ్మ కర్ణం సుమారు 16 మి.మీ. ఆ పాత గొట్టపు కొలతే ఇప్పటికీ మన నెత్తిన ఉంది. '1/3 అంగుళం' సెన్సర్ అని పెట్టె మీద వ్రాస్తారు. మూడో వంతు అంగుళమంటే 8.5 మి.మీ. ఉండాలి కదా! లోపల కొలిస్తే కర్ణం 6 మి.మీ. మాత్రమే, వెడల్పు 4.8 మి.మీ. మిగిలినది ఎప్పుడో అంతరించిన గాజుగొట్టం గోడ మందం. ఆ గొట్టం పోయి ఏళ్ళు గడిచినా దాని నీడను కొలుస్తూనే ఉన్నాం.

గొట్టాల స్థానంలో సిలికాన్ పలకలు వచ్చాక కెమెరాలు చిన్నవయ్యాయి. దూరాన్ని సరిగ్గా 5 మి.మీ. తగ్గించి సీఎస్-మౌంట్ అన్నారు. ఇంకా చిన్న కెమెరాల కోసం 12 మి.మీ. వ్యాసం, చుట్టుకు అర మి.మీ. ముందుకు జరిగే మర వచ్చింది. దాన్నే ఎం12 అంటారు. ఇందులో అంచు లేదు, స్థిరమైన దూరమూ లేదు. బొమ్మ స్పష్టమయ్యే వరకు తిప్పి, అక్కడ ఒక చుక్క జిగురు వేస్తారు. గల్లీ మొగలో వేలాడే డోమ్ కెమెరాలోనూ, ఎన్నో చవక యాక్షన్ కెమెరాలలోనూ ఉన్నది ఇదే. ఒకటి కొండలమీద సైకిలు తొక్కేవాడి తలపైన, మరొకటి కిరాణా కొట్టు చూరుకింద. రెండూ ఒకతల్లి పిల్లలు.

* * *

మరి యాక్షన్ కెమెరా ఇంటిని కుండగా ఎందుకు చూపింది? దీనికీ ఒక చరిత్ర ఉంది.

అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో ఒక చిత్రమైన ప్రశ్న వేసుకున్నాడు. నీటిలోని చేపకు పైలోకం ఎలా కనిపిస్తుంది? నీటిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది గనుక, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా ఉన్న 180 డిగ్రీల లోకమంతా చేపకు తన నెత్తిపైన సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపించాలి. నీళ్ళు నింపిన పాత్రకు సన్నని రంధ్రం అమర్చి ఆయన అలాంటి బొమ్మలు తీసి చూపించాడు. 'చేపకన్ను' అన్న మాట అక్కడ పుట్టింది. మనవారు అమ్మవారికి మీనాక్షి అని పేరు పెట్టినప్పుడు కన్నుల ఆకారాన్ని తలచారు గాని, లోకాన్నంతటినీ ఒక్క చూపులో చూసే శక్తి కూడా ఆ పేరులో దాగి ఉందని ఇప్పుడు చెప్పుకోవచ్చు.

1920లలో కేంబ్రిడ్జికి చెందిన రాబిన్ హిల్ మేఘాలను అధ్యయనం చేయడానికి ఆకాశాన్నంతటినీ ఒకే పలక మీదకు తెచ్చే కటకాన్ని రూపొందించాడు. లండనులోని బెక్ సంస్థ దాన్ని తయారుచేసింది. ఈ హిల్ ఎవరో కాదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇంటర్మీడియట్ పిల్లలు వృక్షశాస్త్రంలో బట్టీ పట్టే 'హిల్ చర్య' హిల్ ఈయనే. ఆకునుంచి విడదీసిన హరితరేణువులు వెలుతురులో ఆక్సిజన్‌ను వెలువరిస్తాయని 1937లో చూపినవాడు. ఆకాశాన్ని చూసిన కన్నే ఆకులోకి చూసింది. ఆ పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

1962లో నికాన్ మామూలు కెమెరాకు బిగించుకునే చేపకన్ను కటకాన్ని అమ్మకానికి పెట్టింది. అలల మీద పలకవేసుకొని తిరిగే నిక్ వుడ్‌మన్ 2002లో స్థాపించిన సంస్థ 2004లో మణికట్టుకు కట్టుకునే చిన్న ఫిల్ము కెమెరాను గోప్రో పేరుతో తెచ్చింది. తరువాత అది డిజిటల్ అయింది. 2014 ప్రాంతం నుంచి చైనా తయారీ చవక యాక్షన్ కెమెరాలు మన బజారులను ముంచెత్తాయి. అన్నిటికీ వెడల్పు చూపే. దూకేవాడు, ఈదేవాడు కెమెరాలోకి చూసి గురిపెట్టలేడు. కాబట్టి అన్నివైపులా చూస్తే ఏదో ఒకటి దొరుకుతుందన్నది సూత్రం.

రెండో కారణం కూడా ఉంది. నాభ్యంతరం చిన్నదైనకొద్దీ సర్దుబాటు అవసరం తగ్గిపోతుంది. 2.8 మి.మీ. కటకాన్ని ఒకసారి సరిగ్గా బిగిస్తే సుమారు అర మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. మరమనిషి అక్కరలేదు, మోటారు అక్కరలేదు. చవకగా చేయవచ్చు.

వంకర మాటకొస్తే, అది లోపం కాదు, లెక్క. నిటారు గీతను నిటారుగానే చూపే కటకం, కోణం పెరిగేకొద్దీ అంచులను సాగదీస్తుంది. 180 డిగ్రీలను అలా చూపాలంటే అనంతమైన కాగితం కావాలి. చేపకన్ను ఆ అంచులను మడిచి లోపలికి తెస్తుంది. మడిచినప్పుడు గోడలు వంగుతాయి. మొత్తం లోకమూ కావాలి, గీతలూ తిన్నగా ఉండాలి అంటే కుదరదు.

* * *

ఇక్కడ మా పేట చరిత్రను తప్పించుకొని పోలేను.

దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అనే జాగీర్దారు పొలాలు ప్లాట్లుగా మారి వెలసిన పేట ఇది. పేరులోనే హృదయసుఖం ఉంది. 2002 నవంబరులో సాయిబాబా గుడి దగ్గర బాంబు పేలింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, కోచింగు వదిలిన పిల్లలతో, ఇళ్ళకు మళ్ళే ఉద్యోగులతో రోడ్డు కిటకిటలాడే వేళ, బస్టాపుల దగ్గర వరుసగా రెండు బాంబులు పేలాయి. పద్దెనిమిది మంది చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి మా గల్లీలో ఎవరూ అన్నం తినలేదు. రాని పిల్లల కోసం గేట్ల దగ్గర నిలబడ్డ తల్లులను నేను చూశాను. మా అమ్మ కూడా గేటు పట్టుకొని నిలబడింది, నా కోసం. నేను మలక్‌పేట నుంచి నడిచి వచ్చేసరికి రాత్రి పదయింది.

ఆ సంవత్సరమే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గాని, రోజుకు ఐదువందల మంది గాని వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను ముప్ఫై రోజులు భద్రపరచాలని అది చెప్పింది. తరువాత 'నేను సైతం' పేరిట పోలీసుల పిలుపు మీద కాలనీవాసులు చందాలు వేసుకొని గల్లీలలో కెమెరాలు పెట్టించారు. మా గల్లీ మొగలోనూ ఒకటి వచ్చింది. మేమూ చందా ఇచ్చాం.

కెమెరా ఉందంటే మనకు ధైర్యం. కాని ఆ కెమెరాలో ఏ కటకం ఉందో ఎవరూ అడగరు. కుర్రవాడి ప్రశ్నను ఒకసారి లెక్కలో పెట్టి చూడండి. 4.8 మి.మీ. వెడల్పు సెన్సర్, అడ్డంగా 1920 చుక్కలు, మనిషి పది మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం.

2.8 మి.మీ. కటకమైతే పదిహేడు మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. మీటరుకు 112 చుక్కలు. పదిహేను సెంటీమీటర్ల ముఖానికి దక్కేవి పదిహేడు చుక్కలు.

4 మి.మీ. అయితే పన్నెండు మీటర్లు. మీటరుకు 160. ముఖానికి ఇరవైనాలుగు.

8 మి.మీ. అయితే ఆరు మీటర్లే. మీటరుకు 320. ముఖానికి నలభై ఎనిమిది.

కాపలా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి మీటరుకు 125 చుక్కలు, తెలియని మనిషిని ఫలానా అని నిర్ధారించడానికి 250 చుక్కలు కావాలి. అంటే గల్లీ అంతా చూపే 2.8 మి.మీ. కటకం, పది మీటర్ల దూరంలో, కన్నకొడుకును సైతం తల్లికి చూపించలేదు. ఎవరో వచ్చారని చెబుతుంది, ఎవరు వచ్చారో చెప్పదు. అన్నీ చూసింది, ఎవరినీ చూడలేదు. రెండు వందల రూపాయల గాజుముక్క దగ్గర ఈ తేడా అంతా ఉంది. పోయినవారి ఊళ్ళో, వెతుక్కున్నవారి ఊళ్ళో ఇది చిన్న తేడా కాదు.

* * *

కుర్రవాడి దగ్గర రెండు కటకాలు కొన్నాను, 4 మి.మీ. ఒకటి, 8 మి.మీ. ఒకటి. రెండూ వంకర లేని రకం. ఇంటికి వచ్చి అమ్మ పూజగది ముందు పాత దినపత్రిక పరచుకొని కూర్చున్నాను.

ముందుపలక జిగురుతో అంటించి ఉంది, సన్నని చాకుతో లేపాను. నాలుగు మరమేకులు విప్పాను. కటకం కదల్లేదు, కర్మాగారంలో వేసిన జిగురు చుక్క గట్టిపడి ఉంది. జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో రెండు నిమిషాలు వేడిచేసి, గుడ్డ చుట్టిన పటకారుతో ఎడమవైపు తిప్పితే చిన్న చప్పుడుతో లొంగింది. ఆ చప్పుడుకు నా గుండె ఒకసారి ఆగింది. సెన్సర్ మీద ధూళి పడకుండా కెమెరాను బోర్లించి పట్టుకునే కొత్త కటకాన్ని ఎక్కించాను.

మొదటి బొమ్మలో గోడలు తిన్నగా నిలబడ్డాయి. కాని అమ్మ కట్టుకున్న నల్లంచు చీర అంచు వంగపండు రంగులో ఉంది, జామచెట్టు ఆకులు పాలిపోయి ఉన్నాయి. కారణం ఆలోచిస్తే తెలిసింది. సిలికాన్ మన కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా చూస్తుంది. దాన్ని ఆపే సన్నని గాజుబిళ్ళ నా కెమెరాలో పాత కటకం వెనుకభాగానికే అంటించి ఉంది. కటకంతో పాటు అదీ వెళ్ళిపోయింది. రాత్రిపూట చూసే కాపలా కెమెరాలకు ఆ కాంతి కావాలి గనుక కుర్రవాడి కటకానికి ఆ బిళ్ళ లేదు. మళ్ళీ చైతన్యపురి వెళ్ళి, బిళ్ళ ఉన్నవి రెండు మార్చుకొని వచ్చాను. ఎవరైనా ఈ పని చేయదలిస్తే ముందు ఈ ఒక్క మాట అడిగి కొనండి.

స్పష్టత సర్దడం మరో సాధన. 8 మి.మీ. కటకం అనంతం నుంచి ఒక మీటరు దూరానికి రావాలంటే కదలవలసింది మి.మీ.లో పదహారో వంతు, అనగా చుట్టులో ఎనిమిదో వంతు. గోరుతో తిప్పడం, చూడడం, మళ్ళీ తిప్పడం. ఎదురింటి గోడ మీది సున్నం పెచ్చులు విడివిడిగా కనిపించే దాకా గంట పట్టింది. ఇంకొక నష్టం కూడా ఒప్పుకోవాలి. కటకం పొడవు పెరిగింది గనుక నీళ్ళు చొరని పెట్టెలో ఆ కెమెరా ఇక పట్టదు.

ఇక్కడ ఒక ముచ్చట. ఔత్సాహికులు పటకారుతో చేసుకున్న ఈ పనిని గోప్రో సంస్థే 2024లో తన హీరో13 కెమెరాకు అధికారికంగా అందించింది. తిప్పి బిగించే కటకాలు, ఏది బిగించామో కెమెరాకు తనంత తానే తెలుస్తుంది. ఒకే కన్నుతో అందరి పనీ జరగదని చెక్క కెమెరావాడికి తెలిసిన సంగతి చుట్టుతిరిగి మళ్ళీ వచ్చింది.

* * *

చివరికి ఒకే కెమెరా, రెండు కటకాలు. ఏది ఉంచాలి?

4 మి.మీ. పెడితే ఏడు మీటర్ల దూరం నుంచి ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పు వస్తుంది. ఇల్లు తొమ్మిది మీటర్లు. ఓ మూల జామచెట్టు తప్ప ఇల్లు కూలడమంతా కనిపిస్తుంది. 8 మి.మీ. పెడితే నాలుగు మీటర్లే. గేటు, నాలుగు మెట్లు, తులసికోట, అంతే. నేను మొదటిదే అనుకున్నాను. చరిత్ర అంటే మొత్తం కనబడాలి కదా అని నా పట్టు.

రెండు బొమ్మలూ అమ్మ ముందు పెట్టాను. మొదటిదాన్ని చూసి తల ఊపింది. రెండోదాన్ని చేతిలోకి తీసుకుంది. గేటు మీద నంబరు ఉంది. చేపకన్ను బొమ్మలో ఒక్కొక్క అంకె ఎత్తుకు పది చుక్కలు ఉంటే, ఇందులో ముప్ఫైఆరు ఉన్నాయి. నాన్నగారు వేసిన 'ఆరు' తోక దగ్గర రంగు కారిన చార కూడా కనిపిస్తోంది. అమ్మ వేలితో ఆ చారను తడిమింది.

"ఇల్లు కూలేది జూసి నేనేం జేస్త బిడ్డా? గేటు కాడ ఎవరొచ్చిన్రో జూపెట్టు" అంది.

పదకొండు రోజులు ఆ కెమెరా గేటును చూస్తూ ఉండిపోయింది. గడ్డపారలు, జేసీబీ, దుమ్ము అంతా చట్రానికి బయట. లోపల పడ్డది వేరు. ఇరవై ఏళ్ళు మాకు కూరలమ్మిన ఆమె గంప దించి మెట్టు మీద కాసేపు కూర్చుంది. పక్కవీధికి మారిపోయిన నాన్నగారి మిత్రుడొకరు గేటుకు చెయ్యి ఆనించి నాలుగు నిమిషాలు నిలబడ్డారు. నాలుగు బొమ్మలున్నాయి గనుక నాలుగు నిమిషాలు. నేను చిన్నప్పుడు క్రికెట్ ఆడిన స్నేహితుడు తన పాపకు గేటు లోపలికి వేలు పెట్టి ఏదో చూపించాడు. ఒక మేస్త్రీ తులసికోటను పగలగొట్టకుండా ఇద్దరి సాయంతో లేపి పక్కకు పెట్టాడు. అది ఇప్పుడు మా అద్దె ఇంటి బాల్కనీలో ఉంది. పదో రోజున గేటు ఊడింది. పదకొండో రోజు బొమ్మలలో గేటు ఉన్న చోట గేటంత ఆకాశం ఉంది.

అమ్మ ఆ బొమ్మలను రోజూ మధ్యాహ్నం చూస్తుంది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. ఇంటిని గురించి అడగదు. మొన్న కొట్టు ముందునుంచి వెళుతూ ఆ కుర్రవాడిని పలకరించాను. "ఏది పెట్టిన్రు సార్?" అని అడిగాడు.

"మనిషిని" అన్నాను.